తక్కువ ధర హోమ్ ఆంప్లిఫయర్లలో ఆప్-ఆంప్ మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

టీపీఏ3255 చిప్‌తో వచ్చే ఐయిమా ఏ07, ఫోసీ వీ3 లాంటి చిన్న క్లాస్-డీ (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) ఆంప్‌లు కొన్నవారూ, కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బోర్డులు కొని ఇంట్లోనే 5.1 ఆంప్ కట్టుకున్నవారూ ఆప్-ఆంప్ మార్పిడి గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందున వాటిని పని జరిగే వరుసలో ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు అక్కడే పూర్తి కావాలి కనుక కొన్ని జాగ్రత్తలు రెండుసార్లు కనిపిస్తాయి. ఇందులోని అంకెలు తయారీదారులు డేటాషీట్లలో సాధారణ విలువలుగా ఇచ్చినవి.

## కొనకముందు

ఆప్-ఆంప్ అంటే ఏమిటి? ఆంప్‌లో అది చేసే పని ఏమిటి?

ఆప్-ఆంప్ అంటే ఆపరేషనల్ ఆంప్లిఫయర్. ఇంటి ఆంప్‌లలో ఇది సాధారణంగా ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ రూపంలో, లోపల రెండు ఆంప్లిఫయర్లతో ఉంటుంది. ఫోన్ నుంచో టీవీ నుంచో వచ్చిన సిగ్నల్‌ను పవర్ భాగానికి సరిపోయే స్థాయికి పెంచడం, బేస్-ట్రెబుల్ సర్దుబాటు చేయడం, సబ్‌వూఫర్‌కు వెళ్లాల్సిన తక్కువ ఫ్రీక్వెన్సీలను వేరుచేయడం దీని పనులు. స్పీకర్‌ను నడిపేది ఇది కాదు, దాని తర్వాత ఉండే పవర్ ఐసీ లేదా ట్రాన్సిస్టర్లు. సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలన్నది కూడా ఐసీ చేతిలో లేదు, దాని చుట్టూ ఉన్న రెసిస్టర్ల చేతిలో ఉంది. కాబట్టి ఐసీ మార్చాక సౌండ్ పెద్దదైందని అనిపిస్తే, ఆ మార్పు వేరే కారణం వల్ల వచ్చిందని అర్థం చేసుకోవాలి.

నా ఆంప్‌లో టీడీఏ7294 ఉంది. దాన్ని తీసి మంచి ఆప్-ఆంప్ పెట్టొచ్చా?

పెట్టలేరు. టీడీఏ7294, ఎల్ఎం3886, టీడీఏ2030 లాంటివి హీట్‌సింక్‌కు బిగించే పవర్ ఆంప్లిఫయర్ ఐసీలు. అవి నేరుగా స్పీకర్‌ను నడుపుతాయి. మార్చడానికి వీలైన ఆప్-ఆంప్‌లు వాటికి ముందుండే బేస్-ట్రెబుల్ బోర్డులోనో, సబ్‌వూఫర్ ఫిల్టర్ బోర్డులోనో ఉంటాయి. మన దగ్గర దొరికే బోర్డులలో అవి ఎక్కువగా 4558, అప్పుడప్పుడు టీఎల్072, మరీ చౌక బోర్డులలో ఎల్ఎం358 అయి ఉంటాయి. ఐసీ పైన ముద్రించిన అంకె చూస్తే తెలిసిపోతుంది.

ఐసీ మార్చితే సౌండ్ నిజంగా మారుతుందా, లేక అంతా భ్రమేనా?

మీ ఆంప్‌లో ఇప్పుడు ఏ ఐసీ ఉందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, అందుకే ఒక్క మాటలో తేల్చి చెప్పడం సరికాదు. ఉన్నది ఎల్ఎం358 అయితే తేడా స్పష్టంగా వినిపించే అవకాశం ఉంది. ఆ ఐసీ ఆడియో కోసం తయారైనది కాదు, దాని అవుట్‌పుట్ దశలో సిగ్నల్ సున్నాను దాటే ప్రతిసారీ క్రాస్‌ఓవర్ డిస్టార్షన్ పుడుతుంది. ఉన్నది 4558 అయితే, ఎక్కువ గెయిన్ ఇస్తున్న (సిగ్నల్‌ను ఎక్కువ రెట్లు పెంచుతున్న) దశలో దాని 3 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ చాలదు. పది రెట్ల గెయిన్ దగ్గర, 20 కిలోహెర్ట్జ్ వద్ద, తప్పులను దిద్దుకోవడానికి దానికి మిగిలే అదనపు గెయిన్ 15 రెట్లే. అదే చోట 5532 అనే ఐసీకి 50 రెట్లు, ఎల్ఎం4562కు 275 రెట్లు మిగులుతుంది. కనుక 4558 నుంచి 5532కు మారడం అర్థవంతమైన మార్పు, పైగా ఖర్చు కూడా చాలా తక్కువ.

ఇప్పటికే అసలైన 5532 ఉండి, సర్క్యూట్ ఆరోగ్యంగా ఉంటే మాత్రం, దాని స్థానంలో ఎంత ఖరీదైన ఐసీ పెట్టినా వినిపించే మార్పు దాదాపు ఉండదన్నది నా నిశ్చితాభిప్రాయం. 1970ల చివర సిగ్నెటిక్స్ సంస్థ తెచ్చిన ఈ ఐసీ కుటుంబం ఆ తర్వాతి దశాబ్దాలలో స్టూడియో మిక్సింగ్ కన్సోళ్లలో విస్తారంగా వాడుకలో ఉంది. మనం వినే పాటల్లో చాలావాటి సిగ్నల్ మన ఇంటికి రాకముందే ఎన్నో 5532ల గుండా ప్రయాణించి ఉంటుంది. చివరన ఉన్న ఒక్కదాన్ని మార్చి ఆ పాటలో లేని వివరాన్ని బయటికి తీయలేము.

తక్కువ ఖర్చుతో సౌండ్ బాగుపడాలంటే ముందు దేనిమీద డబ్బు పెట్టాలి?

స్పీకర్లు, వాటిని గదిలో ఉంచిన తీరు, ఈ రెండింటి ప్రభావం ముందు ఆప్-ఆంప్ తేడా చాలా చిన్నది. స్పీకర్‌ను గోడ మూలకు ఆనించి పెట్టడం, ముందుకు జరపడం మధ్య బేస్‌లో వచ్చే మార్పు కొన్ని డెసిబెల్స్ ఉంటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. టీపీఏ3255తో చేసిన చౌక ఆంప్‌లలో మరో సంగతి గమనించాలి. చాలావాటిలో స్పీకర్ ముందుండే కాయిల్-కెపాసిటర్ ఫిల్టర్, అవుట్‌పుట్‌లోని తప్పులను దిద్దే ఫీడ్‌బ్యాక్ వలయానికి బయట ఉంటుంది. అందువల్ల 4 ఓమ్ స్పీకర్ పెడితే ఒకలా, 8 ఓమ్ స్పీకర్ పెడితే మరోలా ట్రెబుల్ చివర డెసిబెల్‌కు పైగా తగ్గుతుంది లేదా పెరుగుతుంది. "సౌండ్ గుచ్చుకుంటోంది" అని ఆప్-ఆంప్‌ను నిందించేవారిలో కొందరి అసలు సమస్య ఇదే. ఆప్-ఆంప్ ఏది పెట్టినా అది మారదు.

విప్పితే వారంటీ పోతుందా?

సాకెట్ ఉన్న మోడళ్లను కొందరు తయారీదారులు ఆప్-ఆంప్ మార్చుకోవచ్చనే చెప్పి అమ్ముతారు. అయినా వారంటీ కాగితంలో ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోవాలి. సాకెట్ లేని బోర్డుకు సోల్డరింగ్ ఐరన్ తగిలించాక వారంటీ మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

## ఐసీని ఎంచుకోవడం

4558 బదులు ఏది పెట్టాలి? 5532 బదులు ఏది పెట్టాలి?

4558 స్థానంలో చాలా సందర్భాలలో 5532 సరిపోతుంది, రెండింటి కాళ్ల అమరిక ఒకటే. వాల్యూమ్ కంట్రోల్ విలువ 50 లేదా 100 కిలోఓమ్‌లు ఉండి, ఆ వెంటనే ఆప్-ఆంప్ ఉంటే మాత్రం ఓపీఏ2134 లాంటి ఫెట్ ఇన్‌పుట్ (ఇన్‌పుట్ కాలు దాదాపు కరెంటే తీసుకోని) ఐసీ మేలు. 5532ను మార్చాలనే పట్టుదల ఉన్నవారికి, చుట్టూ తక్కువ విలువ రెసిస్టర్లు ఉన్న సర్క్యూట్‌లో ఎల్ఎం4562, ఎక్కువ విలువలు ఉన్నచోట ఓపీఏ2134, ఈ రెండూ చాలు. రెండూ ఎనిమిది కాళ్ల డిప్ రూపంలో (సాకెట్‌లో గుచ్చే పొడుగు కాళ్ల రూపంలో) దొరుకుతాయి, రెండింటి పనితీరు వినికిడి హద్దులకు చాలా దూరంగా, మెరుగైన వైపునే ఉంటుంది. అంతకు మించిన ధర పెట్టి మ్యూసెస్01 లాంటివి చౌక ఆంప్‌లో పెట్టడం నేను సిఫారసు చేయను.

స్లూ రేట్ ఎక్కువుంటే సౌండ్ వేగంగా, స్పష్టంగా వస్తుందట కదా?

స్లూ రేట్ అంటే అవుట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదన్న పరిమితి. ఆ పరిమితి దాటనంతవరకు దానివల్ల సౌండ్‌లో ఏ తేడా ఉండదు. ఎంత కావాలో లెక్క వేయడం సులభం: ఫ్రీక్వెన్సీని శిఖర వోల్టేజీతో, ఆపైన 6.28తో గుణించాలి. ప్రీఆంప్ దశలో 2 వోల్టుల ఆర్ఎంఎస్ సిగ్నల్ ఉందనుకుంటే దాని శిఖరం 2.83 వోల్టులు. 20 కిలోహెర్ట్జ్ వద్ద దానికి కావలసింది మైక్రోసెకనుకు 0.36 వోల్టులే. 4558 స్లూ రేట్ మైక్రోసెకనుకు 1 వోల్టు పైన, 5532ది 9 వోల్టులు, ఓపీఏ2134ది 20 వోల్టులు. పాటల్లో 20 కిలోహెర్ట్జ్ వద్ద పూర్తి స్థాయి సిగ్నల్ ఉండదు కూడా. అందువల్ల మైక్రోసెకనుకు 300 వోల్టులు ఇచ్చే ఏడీ827 లాంటి వీడియో తరగతి ఐసీని పెట్టుకుంటే లాభం లేదు సరికదా, ఆడియో కోసం గీసిన బోర్డులో అది ఆసిలేట్ అయ్యే (సిగ్నల్ లేకుండానే తనంతట తాను మోగే) ప్రమాదం పెరుగుతుంది.

తక్కువ నాయిస్ ఐసీ పెడితే హిస్ (సన్నని బుస శబ్దం) తగ్గుతుందా?

డేటాషీట్ మొదటి పేజీలో కనిపించే నాయిస్ అంకె ఒక్కటే చూసి కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం లెక్కలోకి వెళ్లాలి. ప్రతి ఆప్-ఆంప్‌కూ రెండు రకాల నాయిస్ ఉంటుంది: వోల్టేజీ నాయిస్, కరెంట్ నాయిస్. కరెంట్ నాయిస్ దాని ముందున్న రెసిస్టెన్స్ గుండా ప్రవహించి మళ్లీ వోల్టేజీగా మారుతుంది. దీనికి తోడు ఆ రెసిస్టెన్స్‌కు సొంతంగా ఉష్ణ నాయిస్ ఉంటుంది.

100 కిలోఓమ్‌ల వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ వెనకుండే తిరిగే రెసిస్టర్) విద్యుత్‌పరంగా సగంలో ఉన్నప్పుడు, దాని వెనకున్న ఐసీకి కనిపించే రెసిస్టెన్స్ 25 కిలోఓమ్‌ల దాకా ఉంటుంది. దాని సొంత నాయిస్ ప్రతి రూట్ హెర్ట్జ్‌కు సుమారు 20 నానోవోల్టులు. ఎల్ఎం4562 వోల్టేజీ నాయిస్ కేవలం 2.7 నానోవోల్టులే అయినా, కరెంట్ నాయిస్ 1.6 పికోఆంపియర్లు, 25 కిలోఓమ్‌ల మీద అది 40 నానోవోల్టులు అవుతుంది. అన్నీ కలిపితే సుమారు 45. అదేచోట 5532 (వోల్టేజీ నాయిస్ 5 నానోవోల్టులు, కరెంట్ నాయిస్ 0.7 పికోఆంపియర్లు) మొత్తం 27 దగ్గర ఆగుతుంది. ఓపీఏ2134 వోల్టేజీ నాయిస్ 8 నానోవోల్టులు, అంటే కాగితం మీద మూడింటిలో ఎక్కువ. కానీ దాని కరెంట్ నాయిస్ లెక్కలోకి రానంత తక్కువ కనుక మొత్తం 22 లోపే ఉంటుంది. కాగితం మీద అన్నిటికన్నా నిశ్శబ్దమైన ఐసీ ఈ సర్క్యూట్‌లో అన్నిటికన్నా ఎక్కువ హిస్ ఇస్తుంది.

10 కిలోఓమ్‌ల పాట్ అయితే కనిపించే రెసిస్టెన్స్ 2.5 కిలోఓమ్‌లే, అప్పుడు ఎల్ఎం4562 మెరుగే. కాబట్టి ఐసీ కొనకముందు వాల్యూమ్ పాట్ మీద ఏం రాసి ఉందో చూడాలి: 104 అని గానీ 100కె అని గానీ ఉంటే 100 కిలోఓమ్‌లు, 503 అంటే 50, 103 అంటే 10. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అంతే హిస్ వస్తుంటే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి దశల నుంచి, చాలాసార్లు పవర్ ఐసీ నుంచి వస్తోంది. ముందున్న ఆప్-ఆంప్ మార్పుతో అది తగ్గదు.

ఏ ఐసీ అయినా ఏ వోల్టేజీకైనా సరిపోతుందా?

సరిపోదు, కొత్త ఐసీలు ఎక్కువగా కాలిపోయేది ఈ తప్పుతోనే. పాత ఐసీ సాకెట్‌లో ఉండగానే, ఆంప్ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో 4వ కాలికీ 8వ కాలికీ మధ్య డీసీ వోల్టేజీ కొలిచి రాసిపెట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లలో అది 24 లేదా 30 వోల్టులు ఉండవచ్చు, అడాప్టర్‌తో నడిచే చిన్న ఆంప్‌లలో 12 వోల్టుల దగ్గర ఉండవచ్చు. ఆ విలువ కొత్త ఐసీ కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య ఉండాలి. ఓపీఏ2134 5 నుంచి 36 వోల్టుల వరకు, ఎల్ఎం4562 5 నుంచి 34 వోల్టుల వరకు పనిచేస్తాయి. ఓపీఏ2604కు కనీసం 9 వోల్టులు కావాలి. ఏడీ8620 హద్దు 26 వోల్టులే, 30 వోల్టుల సర్క్యూట్‌లో పెడితే పాడవుతుంది. 5.5 వోల్టుల దగ్గర ఆగే ఏడీ8656ను 12 వోల్టుల ఆంప్‌లో పెడితే ఆన్ చేసిన క్షణంలోనే పోతుంది.

నా 5.1 బోర్డులో ఆరు 4558లు ఉన్నాయి. అన్నీ మార్చేయొచ్చా?

మార్చవచ్చు, కానీ ముందు పవర్ సప్లై సంగతి చూడాలి. 4558 ఒక్కోటి సుమారు 2.5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, 5532 సుమారు 8 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఆరూ మారిస్తే 15 కాస్తా 48 అవుతుంది. బోర్డుకు 7812, 7912 రెగ్యులేటర్లు ఉంటే ఇబ్బంది లేదు. రెసిస్టర్, జీనర్ డయోడ్‌తో సరిపెట్టిన బోర్డు అయితే ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ పడిపోయి, మంచి ఐసీలే ఆకలితో పనిచేయాల్సి వస్తుంది. మార్చిన తర్వాత 4, 8 కాళ్ల మధ్య వోల్టేజీ మునుపటిలాగే ఉందో లేదో కొలిచి చూడాలి. నిజానికి ఆరూ అక్కరలేదు: ముందు ఎడమ, కుడి చానళ్ల దారిలో ఉన్నవాటిని మారిస్తే చాలు, సబ్‌వూఫర్ ఫిల్టర్‌లో 4558 ఉన్నా నష్టం లేదు.

ఓపీఏ1656, ఓపీఏ1612 లాంటివి డిప్ రూపంలో ఎందుకు దొరకడం లేదు?

వాటిని తయారీదారు బోర్డు పైభాగాన అతికే చిన్న రూపంలో మాత్రమే తయారుచేస్తున్నాడు. వాటిని ఎనిమిది కాళ్ల సాకెట్‌లో పెట్టాలంటే చిన్న అడాప్టర్ బోర్డు మీద సోల్డర్ చేయాలి. అడాప్టర్ వీలైనంత పొట్టిగా ఉండాలి, దాని మీదే 4, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉంటే మరీ మంచిది. ఈ ఐసీలు డిప్ రూపంలో దొరుకుతున్నాయని ఎవరైనా అమ్మితే అది నకిలీ అని నిశ్చయించుకోవచ్చు.

నకిలీ ఐసీలను ఎలా గుర్తుపట్టాలి?

చూపుతో గుర్తుపట్టడం రోజురోజుకూ కష్టమవుతోంది. చౌక ఐసీ పైముద్ర చెరిపి కొత్త పేరు ముద్రించడం నకిలీల్లో సాధారణ పద్ధతి. ఓపీఏ627 లాంటి ఖరీదైనవాటికి ఈ బెడద మరీ ఎక్కువ. అసలు ధరలో పదో వంతుకు దొరికితే అనుమానించాలి. అసిటోన్‌తో తుడిచినప్పుడు పైపూత కరగడం, ఒకే ప్యాకెట్‌లోని ఐసీలకు ఒకటో కాలి గుర్తు వేర్వేరు లోతుల్లో ఉండడం లాంటివి సూచనలు. మల్టీమీటర్‌తో ఐసీ తీసుకునే కరెంట్ కొలిస్తే మరికొంత తెలుస్తుంది: 5532 అని రాసి ఉండి 3 మిల్లీ ఆంపియర్ల కన్నా తక్కువ తీసుకుంటుంటే అది బహుశా 4558. మౌసర్, డిజికీ, ఎలిమెంట్14 లాంటి అధీకృత పంపిణీదారులు మన దేశానికి పంపుతారు. రవాణా ఖర్చు ఎక్కువ కనుక నలుగురు కలిసి తెప్పించుకోవడం తెలివైన పని. గల్లీ దుకాణాలలో 5532, 4558 కొనడానికి నాకు అభ్యంతరం లేదు, అంతకు మించిన ధర పెట్టి మాత్రం అక్కడ కొనవద్దు.

## మార్చేటప్పుడు

సాకెట్‌లో ఉన్న ఐసీని ఎలా తీసి పెట్టాలి?

ఆంప్‌కు కరెంట్ తీసేసి, ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్ అయితే ప్రతి పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను నిమిషం పాటు ఆనించి, మీటర్‌తో సున్నా అయిందని చూసుకోవాలి. పాత ఐసీ గంటు ఏ వైపు ఉందో ఫోటో తీసుకోవాలి. చిన్న స్క్రూడ్రైవర్‌ను ఐసీకీ సాకెట్‌కూ మధ్య ఇరువైపుల నుంచి మార్చి మార్చి దూర్చి, కొద్దికొద్దిగా పైకి లేపాలి. ఒకేవైపు లేపితే కాళ్లు వంగుతాయి. కొత్త ఐసీ కాళ్లు కాస్త విచ్చుకుని ఉంటాయి కనుక బల్ల మీద ఆనించి లోపలికి సర్ది, గంటు పాతదాని దిశలోనే ఉండేలా నొక్కాలి. తిరగేసి పెడితే పవర్ ఉల్టా అయి ఐసీ వెంటనే కాలిపోతుంది.

సాకెట్ లేదు, బోర్డుకు సోల్డర్ చేసి ఉంది. ఎలా?

పాత ఐసీని కాపాడాలన్న ఆలోచన మానుకుంటే పని సులువు. చిన్న నిప్పర్‌తో ఎనిమిది కాళ్లనూ ఐసీ ఒంటి దగ్గర కత్తిరించి, ఆ తర్వాత ఒక్కో కాలిని విడివిడిగా వేడిచేసి ట్వీజర్‌తో లాగేయాలి. రంధ్రాలను, కరిగిన సోల్డర్‌ను పీల్చే సక్కర్‌తో శుభ్రం చేయాలి. మన బజారులో దొరికే గోధుమరంగు ఒంటిపొర బోర్డులలో రాగి పట్టీ బలహీనంగా ఉంటుంది. ఐరన్‌ను ఒకచోట ఎక్కువసేపు ఆనిస్తే అది ఊడి వచ్చేస్తుంది. 320 నుంచి 350 డిగ్రీల వేడి, కొంచెం ఫ్లక్స్, ఒక్కో చోట రెండు మూడు సెకన్లు చాలు. ఆ స్థానంలో గుండ్రటి రంధ్రాల మెషీన్డ్ సాకెట్ పెట్టండి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో రేకు సాకెట్ల కాంటాక్టులు ఉప్పుగాలికి త్వరగా మసకబారి గరగర మొదలవుతుంది.

ఒక ఆంప్లిఫయర్ ఉన్న ఐసీని, రెండున్న ఐసీ చోట పెట్టొచ్చా?

నేరుగా పెట్టకూడదు, కాళ్ల అమరిక వేరు. రెండున్నవాటిలో 1, 7 కాళ్లు అవుట్‌పుట్‌లు, 4 నెగెటివ్ పవర్, 8 పాజిటివ్ పవర్. ఒకటే ఉన్నవాటిలో అవుట్‌పుట్ 6వ కాలు, పాజిటివ్ పవర్ 7వ కాలు. రెండు సింగిల్ ఐసీలను కలిపే అడాప్టర్లు దొరుకుతాయి, కానీ 5534, ఓపీఏ637 లాంటివి తక్కువ గెయిన్ దగ్గర నిలకడగా ఉండవు: 5534కు బయటి కెపాసిటర్ లేకుండా కనీసం 3 రెట్లు, ఓపీఏ637కు 5 రెట్ల గెయిన్ కావాలి. సిగ్నల్‌ను పెంచకుండా పంపే బఫర్ దశలో పెడితే ఆసిలేట్ అవుతాయి.

ఐసీతో పాటు ఇంకేం మార్చాలి?

ప్రతి ఆప్-ఆంప్‌కూ పవర్ కాళ్లకు అతి దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉందో లేదో చూడాలి. చౌక బోర్డులలో చాలాసార్లు అది ఉండదు, 4558 నిదానమైన ఐసీ కనుక అది లేకపోయినా నెట్టుకొస్తుంది, వేగమైన ఐసీ నెట్టుకురాదు. లేకపోతే బోర్డు అడుగుభాగాన 4, 8 కాళ్ల మధ్య నేరుగా సోల్డర్ చేయాలి. ఒక రూపాయి కెపాసిటర్ చేసే ఈ మేలు చాలాసార్లు కొత్త ఐసీ చేసే మేలు కన్నా పెద్దది.

## మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

స్పీకర్లు కలపకముందు ఏమేం కొలవాలి?

స్పీకర్లు లేకుండానే ఆన్ చేసి, ముందు 4, 8 కాళ్ల మధ్య వోల్టేజీ మునుపటిలాగే ఉందో చూడాలి. తర్వాత 1వ, 7వ కాళ్ల డీసీ వోల్టేజీ గ్రౌండ్‌తో కొలవాలి. ప్లస్, మైనస్ సప్లై ఉన్న ఆంప్‌లో అది సున్నాకు అతి దగ్గరగా, కొన్ని మిల్లీవోల్టులలో ఉండాలి. ఒకే సప్లైతో నడిచే ఆంప్‌లో సప్లైలో సగం, అంటే 12 వోల్టుల సర్క్యూట్‌లో 6 వోల్టుల దగ్గర ఉండాలి. ఏదో ఒక అంచుకు అంటుకుపోయి ఉంటే వెంటనే ఆపేయాలి. చివరగా స్పీకర్ టెర్మినళ్ల రెండింటి మధ్య డీసీ కొలవాలి: 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే స్పీకర్ కలపవద్దు. టీపీఏ3255 ఆంప్‌లలో స్పీకర్ నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, రెండు టెర్మినళ్లలోనూ సగం సప్లై వోల్టేజీ ఉంటుంది. కాబట్టి కొలత ఆ రెండింటి మధ్యే చేయాలి, ఏ టెర్మినల్‌నూ ఛాసీకి తాకించకూడదు.

కొత్త ఐసీ వేడెక్కుతోంది. ప్రమాదమా?

గోరువెచ్చగా ఉండడం సహజం. 5532కు 30 వోల్టుల సప్లై ఇస్తే, సిగ్నల్ లేకపోయినా 0.24 వాట్లు వేడిగా మారుతుంది. వేలు ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఐసీ తిరగబడి ఉండాలి, లేదా ఆసిలేట్ అవుతుండాలి, లేదా అది నకిలీ అయి ఉండాలి. వెంటనే ఆపి పాత ఐసీ పెట్టి చూడాలి.

## విని తేల్చుకోవడం

తేడా ఉందో లేదో నమ్మకంగా ఎలా పోల్చాలి?

ఐసీ తీసి మరోటి పెట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోపు చెవి జ్ఞాపకం చెదిరిపోతుంది. పైగా చేతులతో కష్టపడి మార్చినవారికి మెరుగుదల వినాలన్న కోరిక ఉండడం మానవ సహజం. అందుకని ఐసీని మార్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించి, ఏది పెట్టారో చెప్పకుండా వినిపించమనాలి. ఊహించినదాన్ని ప్రతిసారీ కాగితం మీద రాయాలి. పోల్చే రెండిటి మధ్య సౌండ్ స్థాయి 0.1 డెసిబెల్ లోపు సమానంగా ఉండాలి, అంటే వోల్టేజీలో తేడా 1.2 శాతం దాటకూడదు. ఎందుకంటే కొంచెం ఎక్కువ స్థాయిలో ఉన్నదే మెరుగైనదిగా వినిపిస్తుంది. 400 హెర్ట్జ్ టోన్ వాయించి స్పీకర్ టెర్మినళ్ల మధ్య ఏసీ వోల్టేజీ కొలిస్తే ఇది తేలుతుంది. రెండు ఒకేలాంటి ఆంప్‌లు ఉన్నవారు ఒకదానిలో మాత్రమే ఐసీ మార్చి, స్విచ్‌తో క్షణంలో అటూఇటూ మార్చి వింటే ఇంకా మంచిది.

కొత్త ఐసీని వంద గంటలు నడిపితేనే సౌండ్ విచ్చుకుంటుందట, నిజమేనా?

ఆప్-ఆంప్ లోపలి ఉష్ణోగ్రత కొద్ది నిమిషాలలోనే స్థిరపడుతుంది, ఆ తర్వాత దాని లక్షణాలలో వినిపించే మార్పు ఏదీ రాదు. వంద గంటలలో అలవాటు పడేది వినేవారి చెవి. నచ్చని సౌండ్‌ను అన్ని రోజులు భరించాల్సిన పని లేదు. వస్తువు తిరిగిచ్చే గడువు దాటిపోయేది కూడా ఆ నిరీక్షణలోనే.

ఇంట్లోనే కొలిచి చూడటానికి దారి ఉందా?

ఉంది. ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఓ మోస్తరు యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉంటే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, డిస్టార్షన్, నాయిస్ మూడూ మార్పుకు ముందూ తర్వాతా కొలిచి పోల్చవచ్చు. ఆంప్‌కు ప్రీ-అవుట్ లేదా సబ్-అవుట్ ఉంటే అక్కడి నుంచి తీసుకోండి. క్లాస్-డీ ఆంప్ స్పీకర్ టెర్మినల్‌ను నేరుగా సౌండ్ కార్డుకు కలిపితే, రెండు టెర్మినళ్లలోనూ డీసీ ఉంటుంది కనుక, కార్డూ ఆంపూ రెండూ పోవచ్చు.

## సమస్య వస్తే

ఐసీ మార్చాక వాల్యూమ్ తిప్పితే గరగర వస్తోంది. ఎందుకు?

వాల్యూమ్ పాట్ గుండా డీసీ ప్రవహిస్తోందని దానర్థం. 5532 ఇన్‌పుట్ కాలు సుమారు 200 నానోఆంపియర్ల బయాస్ కరెంట్ తీసుకుంటుంది. 25 కిలోఓమ్‌ల మీద అది 5 మిల్లీవోల్టులు అవుతుంది, పాట్ తిప్పినప్పుడు అది ఎగుడుదిగుడుగా మారి శబ్దంగా వినిపిస్తుంది. పాత ఐసీ టీఎల్072 అయితే దాని బయాస్ కరెంట్ అతి స్వల్పం కనుక ఇంతకుముందు ఈ సమస్య ఉండదు. పాట్ మధ్య కాలికీ ఆప్-ఆంప్‌కూ మధ్య 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేసి, ఐసీ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు (ఒకే సప్లై ఉన్న ఆంప్‌లో సగం సప్లై బిందువుకు) 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఇస్తే పోతుంది. ఓపీఏ2134 లాంటి ఫెట్ ఐసీకి మారినా పోతుంది.

హమ్ పోవాలని ఐసీ మార్చాను, పోలేదు.

హమ్ సాధారణంగా 50 లేదా 100 హెర్ట్జ్ శబ్దం. అది గ్రౌండ్ లూప్ వల్లనో, ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్ వల్లనో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి వెళ్లే ఇన్‌పుట్ తీగ వల్లనో వస్తుంది. ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేసినప్పుడు హమ్ ఆగితే కారణం బయట ఉంది, టీవీ కేబుల్ లేదా సెట్‌టాప్ బాక్స్ వైపు వెతకాలి. ఆగకపోతే ఫిల్టర్ కెపాసిటర్లు చూడాలి. లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే వస్తే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ సరిపోతుంది. ఎర్త్ పిన్ విరిచేసి హమ్ ఆపే పద్ధతి ప్రాణాంతకం, ఎవరు చెప్పినా చేయవద్దు.

పాట లేకపోయినా ఐసీ కాలుతోంది, సౌండ్‌లో ఇసుక రాలుతున్నట్టుంది.

ఇవి ఆసిలేషన్ లక్షణాలు. ఐసీ మెగాహెర్ట్జ్ స్థాయిలో తనంతట తాను మోగుతుంటుంది, చెవికి అది నేరుగా వినిపించదు, మల్టీమీటర్ చూపించదు, ఆసిలోస్కోప్‌లో మాత్రమే కనిపిస్తుంది. ట్వీటర్ కాలిపోకముందే ఆపేయాలి. పవర్ కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ వేయడం, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద 22 నుంచి 47 పికోఫారడ్ కెపాసిటర్ వేయడం, పొడవైన అడాప్టర్ తీసేయడం, ఈ వరుసలో ప్రయత్నించాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ బోర్డుకు ఆ ఐసీ తగదు. 5532కు తిరిగి వెళ్లడంలో నష్టమేమీ లేదు.

ఒక చానల్ అసలు పలకడం లేదు.

ముందు సాకెట్‌లో వంగి లోపలికి మడుచుకున్న కాలు ఉందేమో చూడండి, పైనుంచి చూస్తే అది కనిపించదు కనుక ఐసీ తీసి చూడాలి. కాళ్లు సరిగా ఉంటే పాత ఐసీ పెట్టి చూడండి. దానితో పలికితే కొత్తది పాడైంది లేదా నకిలీ. దానితోనూ పలకకపోతే సోల్డర్ చేసినచోట పట్టీ తెగిందేమో మల్టీమీటర్ బీప్‌తో కాలు కాలుకూ చూడాలి.

తీసేసిన పాత ఐసీలను పారేయొచ్చా?

పారేయవద్దు. పనిచేస్తున్నదని తెలిసిన ఐసీ ఒకటి చేతిలో ఉంటే రేపు ఏ తేడా వచ్చినా తప్పు ఎక్కడుందో అయిదు నిమిషాలలో తేల్చుకోవచ్చు. నల్లటి యాంటీ-స్టాటిక్ ఫోమ్‌లో గుచ్చి, ఏ ఆంప్‌లోంచి తీసిందో, 4, 8 కాళ్ల మధ్య ఎన్ని వోల్టులు ఉండేవో చీటీ మీద రాసి ఆంప్ క్యాబినెట్ లోపలే, వేడి తగలని మూల అతికించి పెట్టండి.